అక్క ఆగిన చోట్లు

దయ్యాన్ని చూశామనే వాళ్లను నేను ముఖం మీదే తిట్టేదాన్ని. మాది కొత్తగూడెం అవతల అడవి అంచు తండా. చీకటితోనే పోయి విప్పపూలు ఏరినదాన్ని, నన్ను ఏదీ పట్టుకోలేదు. మనవరాలు పుట్టాక అక్షరాలు నేర్చుకున్నాను. చూసిందే రాస్తున్నాను.

మా లంబాడీ పెళ్లిళ్లలో అత్తారింటికి పోయే పిల్ల ఒక్కొక్కరినీ కావలించుకుని ఏడుస్తూ పాడుతుంది. ఢావ్లో అంటాం. అది పాత వరసలో పూర్తిగా వచ్చింది మా అక్కకే. ఆమె చనిపోకముందు నా కోడలు సుజాత కంప్యూటర్‌లో రికార్డు చేసింది. నాకు నోరు ఆగదు. మధ్యమధ్యలో "గట్టిగ పాడు, ఇనవడ్తలేదు" అన్నాను. అదీ అందులో పడింది.

మనవరాలు తన పెళ్లిలో ఆ పాటే పాడతానని పట్టుబట్టింది. పెళ్లి ఇంకో వారం ఉందనగా కంప్యూటర్ తెరుచుకోలేదు. సుజాత విండోస్ మళ్లీ ఎక్కించింది. మిషన్ బతికింది, పాట పోయింది. ఇంకెక్కడా కాపీ లేదు.

మిషన్‌ను పాత తేదీకి తిప్పే సిస్టమ్ రిస్టోర్ తెరిచింది. ఒక్క తేదీ కూడా లేదు. కొత్తగా ఎక్కిస్తే పాతవి ఉండవట. ఉన్నా దాంతో పాటలు తిరిగి రావట.

"ఏందే, గింత సదివి పాటనే తుడిచినవ్?"

"అవ్ అత్తమ్మా, నేనే తుడిచిన. ఇగ మీరే పాడుండ్రి."

నాకు రాదని దానికి తెలుసు.

మర్నాడు పొద్దున తెరిస్తే ఒక తేదీ ఉంది. విండోస్ ఎక్కించడానికి ముందరిది. సుజాత నా వైపు చూసి, దాన్నే నొక్కింది. సగంలో ఆగిపోయింది. అడ్డొస్తుందేమోనని యాంటీవైరస్ తీసేసి, ముఖ్యమైనవి మాత్రమే నడిచే సేఫ్ మోడ్‌లో మళ్లీ పెట్టింది. బయట గాలి లేచింది. ఇప్పుడు కరెంటు పోతే మిషన్ కూడా పోతుందంది. ఇద్దరం కదలకుండా కూర్చున్నాం.

చివరికి రిస్టోర్ కాలేదని, ఏ మార్పూ జరగలేదని వచ్చిందట. కానీ తెర మీద ఒక మూల అక్క పేరుతో ఫైలు ఉంది. ఆ పేరు నేనే చదివాను.

సుజాత దాన్ని వేసింది. అక్క గొంతే, ఆమెకు ఎప్పుడూ ఉండే దగ్గే. నేను అడ్డుపడ్డ చోట నా మాట రాలేదు. అక్క నేను మాట్లాడినంతసేపు ఆగి, గొంతు పెంచి మళ్లీ అందుకుంది. వెనక కోడి కూత ఉంది, గిన్నెల చప్పుడు ఉంది. నేను లేను.

కంప్యూటర్లు బాగుచేసే ఆయనకు చూపించాం. పోయిన ఫైలు ఒక్కోసారి దొరుకుతుందన్నాడు. ఒక్క మనిషి గొంతే ఎట్లా పోయిందంటే తల గోక్కున్నాడు.

మనవరాలు ఆ పాటనే నేర్చుకుంది. పెళ్లినాడు నన్ను పట్టుకుని పాడుతూ, అక్క ఆగినచోటల్లా తనూ ఆగింది. నాకు నోరు పెగల్లేదు. ఆ పాట ఎట్లా తిరిగొచ్చిందో, అందులో నా గొంతెట్లా పోయిందో ఇప్పటికీ తెలియదు.