ఐసుపెట్టె మీద గొడుగు

మా మేడం పోయారని గుడివాడలో కాలేజీకి బయల్దేరుతుంటే ఫోనొచ్చింది. అటు వెళ్ళాల్సినదాన్ని మచిలీపట్నం బస్సెక్కాను. నాకు పరిశోధన నేర్పింది ఆవిడే. యాంటీఆక్సిడెంట్లని, మన ఒంట్లో కణాలు పాడవకుండా కాచే పదార్థాలుంటాయి. రక్తంలో అతి కొద్దిగా ఉండే వాటిని కొలవడం ఆవిడ పని.

ల్యాబులో కర్టెన్లు ఎప్పుడూ వేసే ఉండేవి. వాటిలో ఒకటైన సి విటమిన్‌కి వెలుతురూ పడదు, వేడీ పడదు. ఎవరైనా తలుపు ధడాలున తీస్తే, రక్తం గొట్టాలు చూపించి "పసిపిల్లలున్నారమ్మా లోపల" అనేవారు. యంత్రం ముందు కూర్చుంటే టీ సంగతి మర్చిపోయి, చల్లారాక తాగి బావుందనేవారు. కోపమూ ఎక్కువే, చెప్పొద్దూ. లేబుల్ వంకరగా అంటిస్తే ఇక ఆ పూటకి మాటల్లేవు.

ఒకసారి నాగాయలంక దగ్గర రొయ్యల షెడ్డులో పనిచేసే ఆడవాళ్ళ రక్తం తీసుకొస్తుంటే చల్లపల్లిలో బస్సు చెడిపోయింది. ఎండకి పెట్టెలో ఐసు కరిగిపోయింది. యంత్రం గీసే గ్రాఫులో సి విటమిన్ గీత లేవనే లేదు. వాళ్ళ తిండి అలాంటిదని మేమంతా అనుకున్నాం. రిపోర్టు గడువు నెత్తిమీదుంది. మేడం ఒప్పుకోలేదు. "మనిషిలో లేదని రాసేముందు మన చేతుల్లో పోయిందేమో చూసుకోవాలి. ఊరికే వాళ్ళమీద లోపం ముద్ర వేస్తామా?" అని ఆ ఫలితాలన్నీ కొట్టేశారు.

మళ్ళీ షెడ్డుకి వెళ్ళాం. "పోయినసారి తప్పు మాదేనమ్మా, ఎండకి పాడుచేశాం. ఇంకోసారి ఇస్తారా?" అని మేడం అడిగారు.

రొయ్యలు వొలుస్తున్న ఒకామె చెయ్యి ఆపింది. "రొయ్యకేసినంత ఐసు కూడా మా రక్తానికి వెయ్యలేదా అండీ?"

"వెయ్యలేదమ్మా," అన్నారు మేడం. నాకు తలెత్తబుద్ధి కాలేదు. ఆమె మాత్రం నవ్వేసి ముందుగా తనే చెయ్యి చాపింది. ఆనక తట్టెడు ఐసు తెచ్చి మా పెట్టెలో పోసింది. బస్సొచ్చేదాకా మేడం తను ఎండలో నిలబడి నల్ల గొడుగు పెట్టెకి పట్టారు.

ఈసారి గీతలు చక్కగా లేచాయి. చాలామందికి ఏ లోపమూ లేదు. ఆ మాట ఒక్కొక్కరికీ చెప్పడానికి మేడం మళ్ళీ అంత దూరం వెళ్ళొచ్చారు. అప్పట్నించీ ఆ రొయ్యలామె మచిలీపట్నం వస్తే మేడం ఇంటికి రాకుండా వెళ్ళేది కాదు.

నేను చేరేసరికి మేడాన్ని వాకిట్లో అద్దాల ఐసుపెట్టెలో పడుకోబెట్టారు. రొయ్యలామె నాకంటే ముందే వచ్చింది. నన్ను చూసి, "మా దగ్గరికొచ్చి తప్పు తనదని చెప్పిన మనిషండీ" అని నా చెయ్యి పట్టుకుంది. ఇద్దరికీ ఏడుపాగలేదు. అంత మంచి గురువు నాకు దొరకడం నా అదృష్టం.

పొద్దెక్కేకొద్దీ షామియానా పక్కనుంచి ఎండ అద్దం మీదికి వచ్చింది. ఆమె లేచి, గుమ్మం పక్కన మేకుకి వేలాడుతున్న మేడం గొడుగు తీసుకొచ్చి విప్పింది. మేడాన్ని తీసుకెళ్ళేదాకా ఆ పెట్టె మీద నీడ పట్టుకుని ఎండలోనే నిలబడింది.