పాలు మానని పిల్లలు

మా పెద్దమ్మ ఇరవై రెండేళ్ళు జంతుప్రదర్శనశాలలో కొండముచ్చులను చూసుకుంది. చదివింది ఐదో తరగతి. కానీ ఆ గుంపులో ఏ ఆడది ఎవరికి లోకువో, ఎవరి పిల్లను ఎవరు ఎత్తుకుంటే తల్లి ఊరుకుంటుందో, ఎవరు ముట్టుకుంటే పళ్ళు చూపిస్తుందో ఆమెకు కొట్టిన పిండి.

ఆ ఏడు గుంపులోని ముసలి మగది చచ్చిపోయింది. సెలవుల్లో జనం వస్తారు, బోను వెలితిగా ఉండకూడదని ఆఫీసరు మరో ఊరి నుంచి బలమైన మగదాన్ని తెప్పించాడు. పెద్దమ్మ ఆయన గదికి వెళ్ళి నిలబడింది.

"నాలుగు నెలలు ఆగండయ్యా. పాలు తాగే పిల్లలు రెండున్నాయి. కొత్త మగది వాటిని బతకనివ్వదు."

"ఏం, వాటి మీద పగా దానికి?"

"పగ కాదండీ. పిల్ల పాలు తాగినన్నాళ్ళూ తల్లి ఎదకి రాదు. పిల్ల పోతే వస్తుంది. దానికి తన పిల్లలు కావాలి. ఇదివరకు ఒకసారి కళ్ళారా చూశాను. అడవిలోనూ ఇంతేనట. కాకపోతే అక్కడ తల్లికి పారిపోను దారుంటుంది."

"కోతులతో ఉండి ఉండి నువ్వు కూడా..." అని నవ్వాడాయన. పక్కనే కూర్చున్న పశువుల డాక్టరుకు అంతా తెలుసు. ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు.

పెద్దమ్మ ఆ మాటే రోజువారీ పుస్తకంలో వంకర అక్షరాలతో రాసింది. ఆఫీసరు ఎప్పటిలాగే చదవకుండా కింద సంతకం గీకాడు.

మగది వచ్చిన మూడో రోజు ఒక పిల్లను కొరికి చంపింది. తల్లి ఆ చచ్చిన పిల్లను చంకన పెట్టుకుని తిరుగుతూనే ఉంది. చూడవచ్చినవాళ్ళు మగదాని మీద రాళ్ళు విసిరారు. పెద్దమ్మ చీపురు ఎత్తి వాళ్ళ మీదికి వెళ్ళింది.

"దాన్నెందుకు కొడతారు? అది దాని పుట్టుక. చెప్పినా వినకుండా చేసినవాడు ఆ మేడ మీద ఫ్యాను కింద ఉన్నాడు. చేతనైతే అక్కడికి పోండి."

ఆ మధ్యాహ్నమే రెండో తల్లినీ పిల్లనూ వెనక గదిలోకి మళ్ళించి తాళం వేసింది. తాళంచెవి ఎవరడిగినా ఇవ్వలేదు.

మర్నాడు ఆఫీసరు ఒక కాగితం ముందుకు తోశాడు. కొత్త మగదాన్ని తల్లుల నుంచి వేరుగా ఉంచే మధ్య తలుపు గడియ వేయడం ఆమె మరిచిపోయిందట, అందుకే పిల్ల చచ్చిందట.

"సంతకం పెట్టు. చిన్న మందలింపుతో పోతుంది."

"సంతకం నేర్చుకున్నది ఇందుకు కాదండీ."

"ఉద్యోగం పోతుంది చూసుకో."

పెద్దమ్మ రోజువారీ పుస్తకం తెరిచి, ఆ పేజీలో ఆయన సంతకం మీద వేలు పెట్టింది. ఆయన ముఖంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. అప్పుడైనా పక్కనే ఉన్న డాక్టరు నోరు విప్పుతాడనుకుంది. ఆయన మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు.

"మీ చదువు ఎందుకు, తగలెయ్యనా?" అని బయటికి వచ్చేసింది.

కాగితం చించేశారు. ఎవరికీ శిక్ష పడలేదు. నాలుగు నెలలకు రెండో పిల్ల పాలు మానింది. ఒక ఉదయం పెద్దమ్మ తలుపు తీసింది. మగది ఒకసారి వాసన చూసి, పట్టించుకోకుండా వెళ్ళి ఎండలో కూర్చుంది. వారం తిరక్కుండా ఆమెను కూరగాయలు తరిగే గదికి మార్చారు. 'పరిపాలనా సౌలభ్యం కోసం' అని ఉత్తర్వులో రాశారు. ఆ రాత్రి ఇంట్లో ఉల్లిపాయలు తరుగుతూ ఆ మాట పదిసార్లు అంది. ఒక్కోసారికి కత్తి ఇంకాస్త గట్టిగా దిగింది.

చాలా ఏళ్ళ తర్వాత డాక్టరు మా ఇంటికి వచ్చాడు. జుట్టంతా నెరిసింది.

"అప్పుడు నా పిల్లలిద్దరూ చిన్నవాళ్ళమ్మా. ఉద్యోగం పోతుందని భయపడ్డాను."

"తెలుసు. మీ పిల్లల్ని కాపాడుకున్నారు. ఆ పిల్ల పోయిన తల్లి కూడా అదే చేద్దామనుకుంది. దానికి దారి లేదు, మీకుంది."

మంచినీళ్ళు ఇచ్చింది. కూర్చోమని మాత్రం అనలేదు.