తాత కలిపిన దూది

నా చిన్నప్పుడు సత్తెనపల్లి చుట్టుపక్కల ఊళ్లలోకి మా తాత వచ్చాడంటే ముందు నవ్వులు వినపడేవి, ఆ తర్వాతే దూదేకే విల్లు చప్పుడు. మాది దూదేకులవాళ్ల ఇల్లు. అణిగిపోయిన పరుపులు, దిండ్లు విప్పి, దూది ఏకి మళ్లీ కుట్టడం ఆయన పని. "ఏందమ్మా, ఈ దిండులో దూదికంటే మీ ఆయన గురకే ఎక్కువుంది" అని ఆడవాళ్లను ఆటపట్టించేవాడు. ఎవరూ కోప్పడేవాళ్లు కాదు. నన్ను బడికి పంపలేదుగానీ తాత వెంట పంపేవాళ్లు. అక్షరాలు నాకు ముసలితనంలో వచ్చాయి.

ఒకసారి ఒక రైతు ఇంటినుంచి కబురొచ్చింది. ఆ ఇంటి కొడుకు మిరపచేలో పాము కరిచి పోయాడు. పెద్దకర్మ కూడా అయిపోయింది. పోయిన మనిషి పరుపు, దిండు ఇంట్లో ఉంచుకోరు, ఊరి బయట పారేస్తారు. పరుపు పారేశారు. దిండు మాత్రం అతని భార్య వదలడం లేదు. చిన్నపిల్ల. గోడకు ఆనుకుని, దిండు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అత్త అరిచి అరిచి అలిసిపోయి, ఆ పిల్ల కన్న పసి మనవడికి కీడు తగులుతుందని ఏడుస్తోంది. ఆవిడ భయమూ అబద్ధం కాదు. కొత్త దిండు కుట్టమని తాతను పిలిపించింది ఆవిడే.

తాత ఆ రోజు హాస్యమాడలేదు. ఆ పిల్ల ముందు గొంతుక్కూర్చుని, "ఇటియ్యమ్మా. నేనే పారేసొస్తా. నా మాట నమ్ము" అన్నాడు. చాలాసేపటికి ఇచ్చింది.

ఊరి బయట ముళ్లకంపల దగ్గర కూర్చుని దిండు కుట్లు విప్పాడు. గలేబు కంపలో పడేసి, దూది మా మూటలో కుక్కాడు. నేను నోరు తెరవబోతే కళ్లతోనే వద్దన్నాడు. వెనక్కి వచ్చాక, వాళ్ల చేలో పండిన కొత్త దూదిలో దీన్ని కలిపి, రెండూ ఒకటయ్యేదాకా ఏకాడు. దిండు కుట్టి ఆ పిల్ల చేతికిచ్చాడు. ఆమె ముఖం ఆనించింది. తలనూనె వాసన ఎంత ఏకినా పోదు. ఒక్కసారి తలెత్తి తాతను చూసి, మళ్లీ దిండులో ముఖం దాచుకుంది. అత్త ఊపిరి పీల్చుకుంది.

దారిలో, అబద్ధమాడావేం తాతా అని అడిగాను.

"పారేయాల్సింది పారేశాగా. ఆ ముసలమ్మకి భయం పోవాలి, ఈ పిల్లకి మొగుడు పోకూడదు. ఏం చెయ్యమంటావే?" అన్నాడు.

ఆయన పోయినప్పుడు నేను అత్తగారింట్లో బాలింతను. వెళ్లేసరికి మట్టి చేసేశారు, ఇల్లు కడిగేశారు. ఆయన పక్కబట్టలు ఎవరో పట్టుకెళ్లారు. విల్లు ఏదని అడిగితే, నీళ్లు కాచడానికి పొయ్యిలో పెట్టామన్నారు. ఎవర్నీ తప్పు పట్టను. ఫోము పరుపులొచ్చాక దాన్ని ముట్టుకున్నవాళ్లే లేరు. నాకు కావాలేమో అని ఎవరికీ తోచలేదు, అంతే. తోచే మనిషే పోయాడు.

ఇప్పటికీ చావు ఇంటికి వెళితే నేను శోకాలు పెట్టను. సామాన్లు బయటికి మోసేలోపు, మిగిలిన మనిషి పక్కన చేరి, ఏం ఉంచుకుంటావని చెవిలో అడుగుతాను. మొన్న మా వీధిలో ఒకావిడ మొగుడి తువ్వాలు అడిగింది. చీర చాటున తెచ్చి దాచి, చుట్టాలంతా వెళ్లాక ఇచ్చాను. ఆవిడ దాన్ని గుండెకు హత్తుకుంటే అక్కడ నిలబడలేక వచ్చేశాను. మా తాతది నాకు ఒక్క దూదిపోగైనా దక్కలేదు.