యేసుదాసుగారు తిరిగిచ్చిన నిచ్చెన

అడిగి తెచ్చుకున్న వస్తువును ఇచ్చినవాళ్లకే తిరిగి ఇచ్చిన పాపాన మా యేసుదాసుగారు ఎన్నడూ పోలేదు. అలాగని ఎగ్గొట్టే మనిషి కాదు. శుభ్రంగా తుడిచి, చెప్పిన రోజుకే తెచ్చి ఇచ్చేవారు. కాకపోతే ఇంకెవరింట్లోనో ఇచ్చేవారు. భానుమతిగారి ఇడ్లీపాత్ర ఆవిడ తోడికోడలి వంటింట్లో తేలేది. ప్రెసిడెంటుగారి టార్చిలైటు, ఆయన మీద పోటీచేసి ఓడిపోయినాయన అరుగు మీద దొరికేది.

"ఇది మీది కాదాండీ?" అని అడిగి, అవతలివాళ్లు నోరు తెరిచేలోపే సైకిలెక్కి వెళ్లిపోయేవారు.

ఆయనది పాలమూరు వైపు. ముప్పై ఎనిమిదేళ్ల క్రితం హన్నమ్మగారి భర్తగా నాగాయలంక దగ్గర మా ఊరికి వచ్చి, మామగారి మూడెకరాల్లో వరి వేసుకుంటూ ఇక్కడే ఉండిపోయారు. పాలమూరు యాస రెండేళ్లలోనే కృష్ణలో కలిసిపోయింది. సంఘం మాత్రం మారలేదు. ఆయన మెన్నొనైటు క్రైస్తవులు. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు మా అన్నయ్య పిచ్చేశ్వరరావు, "వరికి దోమపోటు వస్తే పనిచేస్తుందాండీ?" అని అడిగాడు.

"మందు కాదండీ, మా సంఘం పేరు" అన్నారాయన. "మావాళ్లు అబద్ధమాడరు. యుద్ధాలకి వెళ్లరు."

"మరి ఊళ్లో పొట్లాటలకో?"

"వాటికీ వెళ్లం. కానీ చూస్తూ ఊరుకోలేమండీ."

హన్నమ్మగారికి చెయ్యి విరిగి కట్టు కట్టిన మూడు నెలలూ పొద్దుటి కాఫీ నుంచి తల దువ్వడం దాకా అన్నీ ఆయనే చేశారు. ఆయన వేసిన జడ గడ్డిమోపుకి కట్టే తాడులా ఉండేది. ఆవిడ ఆ జడతోనే చర్చికి వెళ్లేవారు. విప్పి మళ్లీ వేస్తామని ఆడవాళ్లు ఎవరైనా అంటే, "వద్దమ్మా, వేసినాయన చూస్తున్నారు" అనేవారు.

వాళ్లమ్మాయి హేమ గుడివాడ కాలేజీలో పాఠాలు చెబుతుంది. తల్లి తెచ్చిన సంబంధం వద్దన్నందుకు తల్లీకూతుళ్లకి రెండు నెలలు మాటల్లేవు. అప్పుడు అమ్మాయిని చూడ్డానికి వెళ్లిన యేసుదాసుగారు హేమ కళ్లద్దాలు పెట్టుకొని తిరిగొచ్చేశారు. గులాబీరంగు ఫ్రేమువి. గుడివాడ నుంచి బస్సుల్లో వాటితోనే వచ్చారు.

"దారి కనపడిందాండీ?" అని అడిగాను.

"కొంచెం మసగ్గా ఉందండీ."

కళ్లద్దాలు లేకపోతే ఆ పిల్లకి బోర్డు కూడా కనపడదు. హన్నమ్మగారు భర్తని తిట్టుకుంటూ తర్వాతి బస్సెక్కారు. వారం రోజులుండి, కూతురు కొనిపెట్టిన చీర కట్టుకొని వచ్చారు.

ఇక నా సంగతి. అన్నయ్య తన చేలో రొయ్యల చెరువు తవ్వించాడు. ఉప్పునీళ్లు నా చేలోకి ఊరి అరెకరం వరి మాడిపోయింది. మాటా మాటా పెరిగి మూడేళ్లు ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. మూడో ఏడు యేసుదాసుగారు నా నిచ్చెన తీసుకెళ్లి అన్నయ్యింట్లో ఇచ్చారు. అన్నయ్య దాన్ని పాలేరుతో పంపించాడు. పది రోజులకి మళ్లీ అడిగారు, మళ్లీ అక్కడే ఇచ్చారు. ఐదోసారికి పాలేరు మోయనని మొండికేశాడు. అన్నయ్యే భుజాన వేసుకొచ్చాడు.

"నిచ్చెన" అన్నాడు.

"ఊఁ" అన్నాను.

"మూడో మెట్టు ఊగుతోంది."

"ఎప్పట్నుంచో ఊగుతోంది."

"పడి చస్తావురా. సుత్తి తే."

మెట్టు బిగించేసరికి కాఫీ వచ్చింది. కాఫీ అయ్యేసరికి, చెరువుకీ చేనుకీ మధ్య ఊట లాగేసే కాలవ తవ్విస్తానన్నాడు. తవ్వించాడు. ఇవాళ నా చేను పచ్చగా ఉందన్నా, పండక్కి అన్నయ్యతో కూర్చుని తింటున్నానన్నా ఆయన చలవే. ఆ సంగతి అప్పుడు తెలియక, "మీ మతిమరుపు ముదిరిపోయిందండీ" అని ఆయన్నే దెబ్బలాడాను. "దేవుడి దయండీ" అన్నారు.

పోయిన జూలైలో నారుమడికి నీళ్లు పెట్టి ఇంటికొచ్చి, మజ్జిగ అడిగి, హన్నమ్మగారు తెచ్చేలోపే కుర్చీలో ఒరిగిపోయారు. డెబ్బై రెండేళ్లు.

ఆయన్ని తలుచుకోవడానికి చర్చిలో ఆదరణ కూడిక పెట్టారు. ఊరంతా వచ్చి తలా ఒక వస్తువు గురించి చెప్పారు. "మతిమరుపు మనిషైనా బంగారం లాంటాయన" అన్నాడు అన్నయ్య.

హన్నమ్మగారు కళ్లు తుడుచుకున్నారు. "ఆయనకా మతిమరుపు? మా పెళ్లిలో నా చీర అంచు ఎన్ని వేళ్ల వెడల్పో మొన్నటి దాకా చెప్పేవారు. ఏ ఇంటికీ ఏ ఇంటికీ మాటల్లేవో చూసుకొనే బయల్దేరేవారు."

"మరి మర్చిపోయానని అబద్ధమాడేవారా?" అన్నాను.

"ఎప్పుడన్నారండీ? మీది కాదా అని అడిగేవారు. అడగడం అబద్ధం కిందికి రాదట. మా ఇంట్లోనే రెండు నిచ్చెనలున్నాయి రాజబాబుగారూ. మీది ఐదుసార్లు దేనికి?"

నేనూ అన్నయ్యా ఒకరినొకరం చూసుకున్నాం. ముందు హేమకి నవ్వొచ్చింది, తర్వాత మాకు. చర్చిలో అలా నవ్వొచ్చో లేదో తెలియదు. పాస్టరుగారు కూడా నవ్వుతున్నారు కాబట్టి పరవాలేదనుకున్నాం.

నారు సిద్ధంగా ఉంది కదా, ఆయన పొలంలో నాట్లు మేమిద్దరం దగ్గరుండి వేయించాం. పని బాగానే సాగింది గానీ, చేలో నీళ్లు ఎంత నిలపాలన్న దగ్గర పేచీ వచ్చింది. అన్నయ్య రెండంగుళాలు చాలన్నాడు. నేను మూడన్నాను. గొంతులు లేచాయి. ఇద్దరం చెరో గట్టూ ఎక్కి కూర్చున్నాం.

హన్నమ్మగారు భోజనం క్యారేజీతో వచ్చి మమ్మల్ని చూశారు. క్యారేజీలో బొమ్మిడాయిల పులుసు ఉందని వాసనే చెబుతోంది.

"ఆయనైతే నెల రోజులు తిప్పి తిప్పి కలిపేవారు. నాకంత ఓపిక లేదు" అన్నారు. "మీరిద్దరూ మాట్లాడుకుంటేనే మూత తీస్తాను."

"నువ్వన్నట్టే రెండంగుళాలు పెడదాంలే అన్నయ్యా" అన్నాను.

అదే క్షణంలో అవతలి గట్టు మీంచి అన్నయ్య, "మూడే పెట్టరా" అన్నాడు.

హన్నమ్మగారు మూత తీశారు.