నిర్మాతకి టిక్కు తీసేస్తే

ఆ రోజుల్లో ఫిల్మ్‌నగర్‌లో ఉద్యోగం అంటే చాలు, మా ఊళ్లో మిగతా మాట ఎవరూ వినేవారు కాదు. నేను చేరింది సినిమావాళ్లకి సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఒక చిన్న కంపెనీలో. మా అమ్మ మాత్రం తణుకులో మా వీధంతా "మావాడు సినిమాల్లో చేస్తున్నాడు" అని చెప్పేసింది. ఫోన్ చేసినప్పుడల్లా "తెర మీద నీ పేరెప్పుడు పడుతుందిరా చంటీ?" అని అడిగేది. అసలు కంపెనీలోనే నా పేరు ఇంకా ఖాయం కాలేదని (ట్రైనీని కదా) చెప్పే ధైర్యం నాకుండేది కాదు. మొదటి కస్టమర్ దగ్గర మా సాఫ్ట్‌వేర్ సవ్యంగా ఎక్కితే ఉద్యోగం ఉంటుంది, ఎక్కకపోతే మా మామయ్య ఎరువుల కొట్టే గతి. ఆ కొట్టు తలుచుకుంటే ఇప్పటికీ నాకు తుమ్మొస్తుంది.

మా బాసుని అందరం బాబాయ్‌గారు అనేవాళ్లం. ఏళ్ల తరబడి ప్రొడక్షన్ మేనేజర్‌గా చేసి ఈ వ్యాపారంలోకి దిగిన మనిషి. నాకు అప్పగించిన పని ఇన్‌స్టాలర్ తయారుచేయడం. అంటే, సాఫ్ట్‌వేర్ ఎక్కించేటప్పుడు ఏయే భాగాలు కావాలో టిక్కు పెట్టుకోమని ఒక తెర వస్తుంది చూడండి, అది. ఆ భాగాలని మేం ఫీచర్లంటాం. వాటిని పక్కపక్కనే పెట్టొచ్చు, ఒకదాని కింద ఒకటీ పెట్టొచ్చు. కాకపోతే పైదానికి టిక్కు తీసేస్తే కిందున్నవన్నీ దాంతోపాటే పోతాయి. నిర్మాతకి బడ్జెట్, దర్శకుడికి షాట్ల ప్లాను, తర్వాత ఎడిటింగ్, డబ్బింగ్, ఇవీ మా ఫీచర్లు. నేను వీటిని పక్కపక్కనే పెట్టి చూపిస్తే బాబాయ్‌గారు కళ్లజోడు తీసేశారు. "ఏంటయ్యా ఇది? నిర్మాతగారి పక్కన డబ్బింగా? పెద్దాచిన్నా లేదా? ఇండస్ట్రీలో మన పరువేం కావాలి?" అని, నిర్మాత కింద దర్శకుణ్ణి, ఆయన కింద ఎడిటింగ్‌ని, దాని కింద డబ్బింగ్‌ని మర్యాద ప్రకారం కూర్చోబెట్టించారు. "మరి పైదానికి టిక్కు తీసేస్తే ఎలాగండీ?" అన్నాను. "నిర్మాతని తీసేసే మగాడు ఫిల్మ్‌నగర్‌లో ఇంకా పుట్టలేదు" అన్నారాయన.

ఫిల్మ్‌నగర్‌లో పుట్టలేదేమో గానీ కృష్ణానగర్‌లో పుట్టాడు. అక్కడ డబ్బింగ్ థియేటర్ నడిపే ఒక అన్న మా మొదటి కస్టమర్. ఆయన ఇన్‌స్టలేషన్‌కి ముహూర్తం పెట్టించాడు. నేను వెళ్లేసరికి మానిటర్‌కి బొట్టు, దండ, మౌస్ పక్కన నిమ్మకాయ, ఎదురుగా పంతులుగారు. సినిమాకి క్లాప్ కొట్టినట్టు బటన్ అన్నే నొక్కాలట. తెర మీద పేర్లు చూసి మొహం చిట్లించాడు. "గీ నిర్మాత నాకెందుకు తమ్మీ? పొద్దందాక ఆయన ఫోన్లతోనే పరేషాన్ అయితున్న. మల్ల కంప్యూటర్ల గూడనా?" నేను చెయ్యి అడ్డం పెట్టేలోపే టిక్కు తీసేశాడు. దర్శకుడు మొదలుకుని డబ్బింగ్ దాకా వరసగా అందరికీ ఎర్ర గుర్తులు పడ్డాయి. అదేం చూడకుండా అన్న కళ్లు మూసుకుని, దండం పెట్టుకుని, బటన్ నొక్కేశాడు. పంతులుగారు కొబ్బరికాయ కొట్టారు. కాయ పగిలేలోపే పని అయిపోయింది. "అబ్బ, ఎంత ఫాస్టున్నది!" అని అన్న మురిసిపోయాడు. (ఎక్కడానికి ఏమైనా ఉంటే కదా!) తీరా తెరిచి చూస్తే, స్వాగతం అన్న మాట తప్ప లోపల ఏమీ లేదు.

"డబ్బింగ్ ఏదీ?"

"నిర్మాతతోపాటే పోయిందన్నా."

"ఎంతమంది నిర్మాతలు పోయినా నా థియేటర్ బంద్ కాలే. గిదెట్ల బంద్ అయితది?"

నిర్మాతకి మళ్లీ టిక్కు పెడితే సరిపోతుందని బతిమాలాను. వద్దంటే వద్దన్నాడు. "ఇంక జరసేపట్ల వర్జ్యం వస్తదంట. ఆలోపు సర్దు, లేకుంటే నీ సామాన్ సర్దుకో" అన్నాడు. లాప్‌టాప్ పట్టుకుని మెట్ల మీద కూర్చున్నాను. ముక్కుకి ఎరువుల వాసన తగులుతూనే ఉంది. అందర్నీ విడదీసి మళ్లీ పక్కపక్కనే పెట్టాను. తెలుగు అక్షరాల ఫాంట్ల లాంటివి అందరికీ కావాలి కాబట్టి వాటిని విడిగా ఒక ఫీచర్ చేసి, ఎవరికీ కనపడకుండా, ఎవరూ టిక్కు తీయడానికి వీల్లేకుండా దాచేశాను. దానికో పేరు పెట్టమంది కంప్యూటర్. ఎలాగూ ఎవరూ చూడరు కదా అని "చంటి" అని కొట్టేశాను.

బాబాయ్‌గారికి ఫోన్‌లో సంగతి చెప్తే నిప్పులు చెరిగారు. "డబ్బింగ్‌ని తీసుకెళ్లి నిర్మాతగారి పక్కన కూర్చోబెట్టావా?" ఆ క్షణంలో నాకు ఆ మాట ఎలా తట్టిందో దేవుడికే తెలియాలి. "పక్కన కాదండీ. ఒక్కొక్కరికీ సోలో కార్డు వేశానండీ!" అన్నాను. టైటిల్స్‌లో పేరు విడిగా, ఒంటరిగా పడాలని అలిగినవాళ్లని బతిమాలి బతిమాలి జుట్టు పోగొట్టుకున్న మనిషి ఆయన. "అందరికీ సోలో కార్డే? ఇక ఎవడూ అలగడన్నమాట. మరి నిర్మాతగారిది?" "మొట్టమొదటిదండీ." "అయితే కానియ్" అన్నారు.

అన్న మళ్లీ నిర్మాతకి టిక్కు తీశాడు, ఈసారి మిగతావాళ్లెవరికీ ఎర్ర గుర్తు పడలేదు. రెండో కొబ్బరికాయ కొట్టారు. ఈసారి కాయ పగిలాక కూడా చాలాసేపు ఎక్కుతూనే ఉంది. అంత నెమ్మదిగా ఎక్కే సాఫ్ట్‌వేర్‌ని చూసి అంత సంతోషపడటం మళ్లీ ఎప్పుడూ జరగలేదు. ఆ ప్రసాదం కొబ్బరిముక్క నములుతుండగానే ఉద్యోగం ఖాయమని బాబాయ్‌గారి ఫోన్ వచ్చింది.

ఇప్పుడు నాకూ కళ్లజోడు వచ్చింది, బాబాయ్‌గారిలాగే జుట్టూ పోతోంది. మొన్న కొత్త వెర్షన్ పని మీద ఆ థియేటర్‌కి వెళ్లి, ఆ మెట్లు ఎక్కుతుంటే, చెమటలు కక్కుతూ కూర్చున్న ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వొచ్చింది. వాణ్ణి చూస్తే ముద్దొచ్చింది కూడా. ఆ సాయంత్రం అమ్మ మళ్లీ పాత ప్రశ్నే వేసింది. "ఎప్పుడో పడిందమ్మా. ఇక్కడ ప్రతి స్టూడియో కంప్యూటర్‌లోనూ ఉంది. పైకి కనపడదంతే" అన్నాను.

"పోనీలే. ఎవరూ తీసెయ్యలేరు కదా?" అంది అమ్మ.

"తీసెయ్యలేరమ్మా" అన్నాను.