ఐపీ లాయరు కోసం తిరిగిన చలికాలం

ఆ చలికాలం తల్చుకుంటే ఇప్పటికీ నా గుండె గబగబా కొట్టుకుంటుంది. భయంతో అనుకునేరు, కాదు. దేవుడు ప్రార్థనకి జవాబిచ్చే తీరు ఎంత వింతగా ఉంటుందో కళ్లారా చూసిన సంతోషంతో.

తొంభైల నడుమ మాట. మా ఆయన కేంద్ర ప్రభుత్వంలో అసిస్టెంటు. సరోజినీ నగర్ క్వార్టర్లలో రెండో అంతస్తు మాది. ముందు గదిలో రెండు కుట్టుమిషన్లు వేసుకుని నేను స్కూలు యూనిఫారాలు కుట్టేదాన్ని. నోయిడాలో కొత్తగా పెట్టిన ఒక స్కూలువాళ్లు పెద్ద ఆర్డరిచ్చారు. చాందినీ చౌక్ సందుల్లో ఒక వ్యాపారి సేఠ్ దగ్గర గుడ్డ అరువు తెచ్చి, దసరా సెలవులన్నీ మిషను తొక్కుతూనే గడిపాను. తీరా అన్నీ కుట్టి మడతలు పెట్టేసరికి ఆ స్కూలు మూతపడింది. మంచం కింద, బీరువా మీద, బాల్కనీలో, ఎటు చూసినా మెరూన్ రంగు స్కర్టులే.

సేఠ్ నా మీద దావా వేశాడు. కోర్టు సమన్లు వచ్చిన మర్నాడే తనూ వచ్చి, మెట్ల మీద నిలబడి, "జైల్ మే సడా దూంగా!" అని అరిచాడు. జైల్లో కుళ్లబెడతాడట. నాలుగు అంతస్తుల కిటికీలూ తెరుచుకున్నాయి. ఏడేళ్ల మా పాప తెలుగులో అడిగిన దానికల్లా హిందీలో జవాబు చెప్పే రకం. అది నా కొంగు పట్టుకుని, "మమ్మీ, ఆప్ జైల్ జాయేంగీ?" అంది. దాన్ని లోపలికి లాక్కుని తలుపేశాను.

ఆ రోజు మా ఆయన టీ కూడా ముట్టుకోలేదు.

"ఐపీ పెట్టెయ్" అన్నాడు.

మా గుంటూరు వైపు అది గొంతు తగ్గించి చెప్పే మాట. అప్పులు తీర్చలేనని కోర్టులో రాసిచ్చి దివాలా తీయడం. ఐపీ పెట్టినవాడి ఇంట్లో పిల్లనివ్వడానికి కూడా జనం వెనకాడేవాళ్లు.

"నేనా? ఐపీనా?"

"జైలుకెళ్లడం కంటే నయం కదా! అయితే లాయరు సరైనవాడు దొరకాలి. తప్పుడువాడు దొరికితే నిన్నూ, నీ మిషన్లనీ కలిపి ఆ సేఠ్‌కి అప్పజెబుతాడు."

సరైనవాడని ఎలా తెలుస్తుంది? మా క్రైస్తవ సంఘంలో దేనికైనా ఒకటే పరీక్ష. ఆ మనిషి ప్రార్థన చేస్తే వినాలి, అంతే. డాక్టరునీ, ట్యూషను మాస్టారునీ, ఆఖరికి పెళ్లికొడుకునీ అలాగే ఎంచుకునేవాళ్లం. ఆదివారం మధ్యాహ్నాలు ఒక బడి హాలు అద్దెకు తీసుకుని కూడుకునే తెలుగు సంఘం మాది. సగం మంది నాలా ప్రభుత్వ క్వార్టర్లవాళ్లు, సగం మంది కంటోన్మెంటు నుంచి వచ్చే సైనికుల కుటుంబాలు. మాలో ఒక లాయరు బ్రదరు ఉండేవారు, సంఘం పెద్ద కూడా. ఆయన మోకరించి ప్రార్థన మొదలుపెడితే, ఆరడుగుల సుబేదారుగారు కూడా జేబులోంచి కర్చీఫు తీసేవారు. నాకింకేం కావాలి?

ఆరాధన అయ్యాక ఆయన్ని ఆపాను.

"బ్రదర్, నేను ఐపీ పెట్టాలి. మీరే చూడాలి."

"ఐపీయా సిస్టర్?" అని ఆయన కాసేపు తన బూట్లకేసి చూసుకున్నారు.

"ప్రార్థించాను బ్రదర్. నా మనసులోకి మీరే వచ్చారు."

"అలాగే సిస్టర్. దేవుని చిత్తం."

నా తరఫున ఆయనే వాదించేలా వకాలత్‌నామా మీద సంతకం పెట్టిచ్చి, ఎగురుకుంటూ ఇంటికొచ్చాను. మూడు ఆదివారాలు గడిచాయి. ఎప్పుడడిగినా, "ప్రార్థనలో ఉంచాను సిస్టర్" అనేవారు. కోర్టు వాయిదాకి ఇంకా పది రోజులే ఉంది. నాలుగోసారి అడిగితే, మంగళవారం తీస్ హజారీ కోర్టుకి రమ్మన్నారు.

రెండు బస్సులు మారి వెళ్లాను. ఆయన రాలేదు. పొగమంచు విడిపోయి అప్పుడే ఎండ వస్తోంది. నల్లకోట్ల వాళ్లంతా బల్లలు బయటికి జరుపుకుని ఎండలో కూర్చున్నారు. నేను ఒక గట్టు మీద కూలబడ్డాను.

"ఏయ్ బేటీ, జరుగు! నా ఎండంతా నువ్వే తాగేస్తున్నావు."

వెనక్కి తిరిగి చూశాను. నల్లకోటు మీద శాలువా కప్పుకున్న ఒక పంజాబీ ఆవిడ. అరవై ఏళ్లుంటాయి. చెప్పులు విప్పేసి, కాళ్లు ఎండలోకి చాపి, ఆకుపచ్చ స్వెటరు అల్లుతోంది. చప్పున జరిగాను.

"ఎవరి కోసం?"

"మా వకీలు కోసం, ఆంటీ."

"ఏం కేసు?"

ఏమైందో తెలీదు, మూడు వారాలుగా నాలో ఉన్నదంతా బయటికొచ్చేసింది. స్కూలు, స్కర్టులు, సేఠ్, జైలు, ఐపీ, అన్నీ. నా హిందీలో ఆడా మగా తేడా ఉండదు. ఆవిడ ఒక్కసారి కూడా నవ్వలేదు. సూదులు మాత్రం ఆపకుండా వింది.

"నిన్ను జైల్లో పెడతారని ఎవరన్నారు?"

"సేఠ్ అన్నాడు."

"సేఠ్ జడ్జీయా?"

"కాదు."

"మరి మీ వకీలు ఏమన్నాడు?"

"ప్రార్థనలో ఉంచానన్నారు."

సూదులు ఆగిపోయాయి. ఆవిడ నన్ను పైనుంచి కిందకి చూసింది. బల్ల మీది అట్టలూడిన లావుపాటి చట్టం పుస్తకం తెరిచి, కళ్లజోడు సర్దుకుని, వేలు పెట్టి చూపించింది. డబ్బు బాకీ డిక్రీ కింద ఆడమనిషిని అరెస్టు చేయించే అధికారం కోర్టుకి లేదట.

"లేదా?" అన్నాను.

"లేదు."

"అస్సలు లేదా ఆంటీ?"

"ఎన్నిసార్లు చదవమంటావు?"

ఇంకోసారి చదవమన్నాను. చదివింది. ఆ ఎండ నా ఎముకల్లోకి దిగింది.

"ఇప్పుడు చెప్పు, మిషన్లు తొక్కేది పనివాళ్లా, నువ్వా?"

"నేనే. ఒకటి కుట్టడానికి, ఇంకోటి కాజాలకి."

ఆవిడ నాలుగు పేజీలు తిప్పింది. చేతిపని చేసుకు బతికేవాళ్ల పనిముట్లు జప్తు చేయకూడదని ఉందక్కడ.

నేను లేచి నిలబడిపోయాను. తిరగలి రాయిని తాకట్టు పట్టకూడదు, అది మనిషి ప్రాణాన్ని పట్టినట్టేనన్న బైబిలు బోధ నాకు చిన్నప్పుడే నోటికొచ్చు. ఎన్నో ఏళ్లుగా ఆదివారపు బడి పిల్లలకీ నేర్పుతున్నాను. అదెప్పుడో ఎడారిలో తిరిగినవాళ్లకి చెప్పిన మాటనుకున్నాను. అదే మాట ఢిల్లీ కోర్టు ఆవరణలో, అట్టలూడిన పుస్తకంలో, నా కుట్టుమిషన్ల కోసం కూర్చుని ఉంది!

"ఆంటీ, ఇది మా గ్రంథంలో ఉంది! తిరగలి రాయి అని ఉంది!"

"అచ్ఛా? అయితే మీ గ్రంథం రాయించినవాడు మంచి వకీలే. కూర్చో. అందరూ చూస్తున్నారు." తర్వాత గొంతు మార్చి అడిగింది. "నిజం చెప్పు. సేఠ్‌కి డబ్బు కట్టాలనుందా, ఎగ్గొట్టాలనుందా?"

"కట్టాలి. గుడ్డ అతనిదే కదా. నాకు టైము కావాలి, అంతే."

"అయితే నీకు దివాలా ఎందుకు? దానికి వెళ్తే నీ పేరు గెజిట్‌లోకి ఎక్కుతుంది. ఉన్నది కోర్టు చేతికి పోతుంది. నీకు కావాల్సింది నెలవారీ వాయిదాల్లో కట్టుకునే వీలు."

అప్పుడర్థమైంది నాకు. నేను ఐపీ పెట్టే లాయరు కోసం తిరిగాను. నాకు కావాల్సింది ఐపీ వద్దని చెప్పే లాయరు.

"మీరే నా కేసు చూడాలి ఆంటీ."

"చూస్తాను. ముందు మీ ప్రార్థన వకీలు చేత అభ్యంతరం లేదని సంతకం పెట్టించుకురా. అది లేకుండా ఇంకొకళ్ల కేసు నేను ముట్టుకోను."

ఆ మాటతో నా సంతోషం సగం దిగిపోయింది. సంఘం పెద్ద ముందు నిలబడి మీరు వద్దనడం ఎలా? రెండు రోజులు అద్దం ముందు సాధన చేశాను. "నువ్వేమైనా ఆయన్ని సంఘంలోంచి వెలి వేస్తున్నావా?" అని మా ఆయన నవ్వాడు. గురువారం ఇద్దరం ఆయన ఇంటికి వెళ్లాం. నేను నేర్చుకున్నదంతా మర్చిపోయి, "బ్రదర్, నన్ను క్షమించండి, నాకు వేరే లాయరు దొరికారు" అనేశాను.

ఆయన కుర్చీలో వెనక్కి వాలి, కళ్లు మూసుకుని, "స్తోత్రం!" అన్నారు.

మేం మొహమొహాలు చూసుకున్నాం.

"మూడు వారాలుగా ఉపవాసం ఉంటున్నాను సిస్టర్. నేను చేసేది ఇళ్ల రిజిస్ట్రేషన్లు. జన్మలో ఐపీ వెయ్యలేదు. మంగళవారం కోర్టు గేటు దాకా వచ్చాను కూడా. మీకు మొహం చూపించలేక వెనక్కి తిరిగాను."

"మరి ఆ రోజే చెప్పొచ్చు కదా బ్రదర్!"

"దేవుడే నన్ను చూపించాడని మీరంటే, కాదని ఎలా చెప్పను?"

తప్పు నాదే. ప్రార్థన విన్నాను గానీ, ఆయన ఏ కేసులు చూస్తారని ఒక్క మాట అడగలేదు. అడగడం అవిశ్వాసం అనుకున్నాను. కాదని ఆ రోజు నేర్చుకున్నాను. ఆయన సంతకం పెట్టిచ్చి, లోపలికి కేకేసి అన్నం వడ్డించమని, మాతో పాటు తనూ భోంచేశారు. పాపం, రెండోసారి అన్నం పెట్టించుకున్నారు.

వాయిదా రోజు ఆంటీ వాదించింది అయిదు నిమిషాలే. సేఠ్ తరఫు వకీలు ఏదో అనబోతే, "మీకు డబ్బు కావాలా, ఈవిడ మిషన్లు కావాలా?" అంది. జడ్జీగారు నా వైపు తిరిగారు.

"నెలనెలా కట్టగలవా?"

"హాఁ జీ!" అన్నాను.

మా సంఘంలో ఆమెన్ చెప్పే గొంతుతో అన్నాను కాబోలు, కోర్టు హాలంతా నవ్వింది. సేఠ్ కూడా నవ్వాడు. ఆంటీ నా చెయ్యి గిల్లి, "మెల్లగా, ఆయన విన్నార్లే" అంది. జడ్జీగారు తల వంచి, నెలవారీ వాయిదాలకి ఒప్పుకున్నట్టు రాసుకోవడం మొదలుపెట్టారు. ఆ కలం కదులుతున్నంత సేపూ నేను చూస్తూనే ఉన్నాను.