మోషే కొడుకులు ఏమయ్యారని అడిగిన పెద్దయ్య

మేం వలస వచ్చి ఉంటున్న నవాగామ్‌లో మా ప్రార్థన కూటానికి పెద్దగా ఉన్న మనిషి పోయిన వారం చనిపోయారు. మరమగ్గాల కార్ఖానాలో పని చేస్తూనే పక్కకు ఒరిగిపోయారు. ఆస్పత్రికి చేర్చేసరికే ప్రాణం లేదు. మేమంతా ఆయన్ని పెద్దయ్య అనేవాళ్లం.

మగ్గం మీద ఒక బీమ్‌కు, అంటే దూలానికి, చుట్టిన నూలు అయిపోతే, ఆ పాత పోగుల కొసలకు కొత్త బీమ్ పోగులను ఒక్కొక్కటే ముడివేయడం ఆయన పని. ఆదివారాలు మా మధ్య కూర్చుని మోషే జీవితాన్ని కూడా అలాగే కలుపుకుంటూ వచ్చేవారు. లేఖనాల్లో అది ఒకచోట దొరకదు. ఒక ముక్క ఇక్కడ ఉంటే, దాని మిగతా సగం ఇంకెక్కడో ఉంటుంది. చూపు మందగించాక నా చేత చదివించుకునేవారు. నేను బట్టల మార్కెట్‌లో రోజువారీ పద్దులు రాసేవాణ్ణి. బడికి పోకుండా నేర్చుకున్న చదువు కాబట్టి నిదానంగా చదువుతాను. ఆయనకు అదే నచ్చేది.

ఆయన మళ్లీ మళ్లీ ఆపించేది ఒక్కచోటే. మోషే మామ ఎడారికి వచ్చి, కూతురినీ ఇద్దరు మనవలనూ అల్లుడికి అప్పగించి వెళ్లిపోతాడు. ఆ తర్వాత ఆ పిల్లలు తండ్రితో ఒక మాటైనా మాట్లాడినట్టు లేదు. ఎప్పటికో వంశావళిలో పేర్లు మాత్రం వస్తాయి.

“అంతమందిని నడిపిచ్చిండు గదా, సొంత పిల్లలు ఏమైండ్రు?” అనేవారు.

“మంచిగనే ఉండి ఉంటరు తియ్యి పెద్దయ్యా” అంది ఒకసారి కూటంలోని ఒక అక్క.

ఆయన నవ్వారు. “దొరకని పోగు కాడ పక్క పోగు తెచ్చి ముడేస్తే, మళ్ల ఆడనే తెగుతది బిడ్డా.”

ఆ ప్రశ్న ఎక్కణ్ణుంచి వస్తోందో మా అందరికీ తెలుసు. కొన్నేళ్ల కిందట కార్ఖానాలో మనుషులు ఉక్కకు సొమ్మసిల్లి పడిపోతుంటే, అందరి తరఫునా పెద్దయ్యే సేటు దగ్గరికి వెళ్లారు. సేటు గాలి బయటికి లాగే ఫ్యాన్లు పెట్టించాడు. అక్కడే పనిచేస్తున్న పెద్దయ్య కొడుకును మాత్రం తీసేశాడు. చుట్టుపక్కల ఎవరూ ఆ పిల్లవాడికి పని ఇవ్వలేదు. ఇంకొక్కసారి వెళ్లి తన కోసం అడగమని బతిమాలాడు. మంది కోసం తెరిచిన నోటితో ఇంటి కోసం అడగలేనన్నారు ఈయన.

“అందరికి నాయనవైనవు. నాకే కాకపోతివి” అని కొడుకు భివండి మగ్గాల్లో పనికి వెళ్లిపోయాడు. తర్వాత ఫోన్ కూడా లేదు.

మా వాళ్లలో సమాధిలో మొదటి పిడికెడు మట్టి కొడుకు వేయాలి. భివండికి కబురు పంపితే అవతలి నుంచి ఏ జవాబూ రాలేదు. శ్మశానంలో పెట్టెను గుంటలోకి దించి నిలబడ్డాం. ఎండ మండిపోతోంది. ఇక రాడు, కానిచ్చేద్దామని చుట్టాలు తొందరపెట్టారు. పెద్దయ్య భార్య, మా పెద్దమ్మ, గుంట అంచున కూర్చుండిపోయింది.

“నా కొడుకు రాకముందు మన్ను ఎవ్వరు ముట్టొద్దు” అంది.

చాలాసేపటికి అతను వచ్చాడు. జుట్టులో ఇంకా నూలు దుమ్ము ఉంది. తల్లి పక్కన కాసేపు నిలబడి, నా దగ్గరికి వచ్చాడు.

“కాకా, నా ముచ్చట ఎప్పుడన్న తీసిండా?”

తీశారని చెబితే అతనికి కొంత ఊరటగా ఉండేది. కానీ తీయలేదు.

“నీ పేరు తియ్యలే. మోషే కొడుకులు ఏమైండ్రని అడుగుతుండె” అన్నాను.

“ఏమైండ్రు మరి?”

“రాసి లేదు.”

అతను గుంట పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. తవ్వి పోసిన మట్టి ఎండకు గడ్డకట్టింది. ఒక గడ్డ తీసుకుని రెండు అరచేతుల మధ్య నలిపాడు. అది పొడిగా మారాక, పెట్టె మీద చప్పుడు కాకుండా వేళ్ల సందుల్లోంచి జారవిడిచాడు. ఇంకో గడ్డ అందుకున్నాడు. పారలు పట్టుకుని మేమంతా అలాగే నిలబడ్డాం.